తల్లికోడి లేని పిల్లలకు ఇంటియందే వెచ్చని గూడు

సంఘ సభ్యులగు రైతు సోదరుల కొరకును, పెరటికోళ్ళ భారమును నిజముగా మోయుచున్న గృహిణుల కొరకును ఈ పాఠము వ్రాయబడినది.

అనంతపురపు పీఠభూమిపై సాలీనా కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియును అదనున కురియుట అరుదు. 2022వ సంవత్సరమున జిల్లాలు విడిపోయి నల్లమాడ శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది గాని, మీది ఆకాశము మారలేదు. వేరుసెనగ ఊడలు దిగు వేళకు వాన ముఖము చాటు చేసినచో, ఆ యేటి పంట పశువుల మేతతో సరి. అట్టి యేట ఇంటికి ఉప్పును పప్పును తెచ్చునది పెరటికోడి. పైరు వలె కోడి వాన కొరకు కనిపెట్టుకొని యుండదు. పిడికెడు గింజలును, కొంచెము నీరును, కాస్త కాపుదలయు నున్నచో గ్రుడ్డు పెట్టును.

ఈ సంగతి తెలిసియే పలువురు ఒక్కరోజు వయసు గల పిల్లలను అప్పు చేసియైనను కొని తెచ్చుచున్నారు. అయితే పది దినములు గడచునప్పటికి బుట్టలో సగము పిల్లలు మిగులుట లేదు. అప్పుడు దిష్టి తగిలినదని కొందరును, పిల్లలు మంచివి కావని కొందరును, మన నేలకు ఈ జాతులు పనికిరావని కొందరును చెప్పుదురు. ఈ చావులలో పెక్కింటికి కారణము చలి, తడి, గాలి లేమి, అను మూడే. ఈ మూడును చేతనున్న సామగ్రితో నివారింపదగినవి. పిల్ల చచ్చినను అప్పు చావదు గనుక, మొదటి నాలుగు వారముల పెంపకమును ప్రతి సభ్యుడును క్షుణ్ణముగా తెలిసికొనవలెను.

1. తల్లికోడి చేయు పనులు

పెద్దకోడి శరీరపు వేడి సుమారు 106 డిగ్రీల ఫారెన్‌హీటు. అప్పుడే పుట్టిన పిల్ల వేడి అంతకంటె రెండు మూడు డిగ్రీలు తక్కువ. దాని మేనిపై నున్నది నూగు గాని ఈక కాదు. తన వేడిని తాను నిలుపుకొను శక్తి దానికి రెండు మూడు వారములకు గాని పూర్తిగా రాదు. అంతవరకు తల్లి రెక్కలే దానికి ఇల్లు.

తల్లికోడి పిల్లలకు నాలుగు పనులు చేయును. మొదటిది, రెక్కల క్రింద వెచ్చదన మిచ్చుట. రెండవది, పొడినేలను చూచి పిల్లలను అచ్చట కూర్చుండబెట్టుట. మూడవది, కాలితో గీరి, పిలిచి, మేతను నీటిని చూపుట. నాలుగవది, గ్రద్దనుండి, కాకినుండి, పిల్లినుండి కాచుట. తల్లి లేని పిల్లలను పెంచువాడు ఈ నాలుగు పనులను తానే చేయవలెను. బ్రూడరు అని పిలువబడు వెచ్చని గూడు ఈ పనులకు సాధనము మాత్రమే. దీపము వ్రేలాడగట్టి తలుపు మూసి పోయినంతమాత్రమున తల్లి పని తీరినదని తలపరాదు.

2. తల్లి యుండగా గూడు ఎందులకు?

నాటుకోడి ఒక పొదుగునకు పది పండ్రెండు గ్రుడ్లను మాత్రమే కప్పగలదు. 21 దినములు పొదిగి, పిమ్మట రెండు మూడు నెలలు పిల్లల వెంట తిరుగును. అన్నాళ్ళును గ్రుడ్లు పెట్టదు. పిల్లలను మనము చేపట్టినచో కోడి త్వరలోనే తిరిగి గ్రుడ్లకు వచ్చును. మూడు నాలుగు కోళ్ళను ఒకే దినమున పొదుగబెట్టి, వాటి పిల్లల నన్నిటిని ఒకే గూటిలో పెంచుటయు మంచి పద్ధతి.

ఇక హైదరాబాదు రాజేంద్రనగరము నందలి కోళ్ళ పరిశోధన సంస్థ రూపొందించిన వనరాజ, గ్రామప్రియ జాతుల సంగతి. ఇవి పెరటి పెంపకము కొరకే పుట్టినవి. వనరాజ మాంసమునకును గ్రుడ్లకును, గ్రామప్రియ ముఖ్యముగా గ్రుడ్లకును తగినవి. అయితే వీటికి పొదుగు గుణము మిక్కిలి తక్కువ. పిల్లలు యంత్రములో పుట్టి అట్టపెట్టెలో మన ఊరికి వచ్చును. వెంట తల్లి రాదు. వీటిని ఆరు వారములు గూటిలో పెంచిన పిమ్మటనే పెరటిలోనికి విడువవలెనని ఆ సంస్థవారే చెప్పుదురు.

కృత్రిమమైన వేడితో పిల్లలను పుట్టించుట క్రొత్త విద్య కాదు. ఈజిప్టు దేశపు పల్లెలలో మట్టి ఇటుకల కొలిమిగదులలో వేలకొలది గ్రుడ్లను పొదిగించు ఆచారము ప్రాచీన కాలమునుండి యున్నది. అక్కడి పనివారు ఉష్ణమాపకము లేకయే గ్రుడ్డును తమ కనురెప్పకు ఆనించుకొని వేడిని నిర్ణయించెడివారు. చూపును స్పర్శయు నేర్చినవానికి ఖరీదైన యంత్రము లేకున్నను పని నడచునని దీనివలన గ్రహింపవలెను.

3. ఏబది పిల్లలకు గూడు కట్టు విధము

కొట్టములో గాని వసారాలో గాని, పడమటి గాలియు వానజల్లును కొట్టని మూల నొకదానిని ఎన్నుకొనుడు. పశువులున్న చోటును, పొయ్యి పొగ చేరు చోటును పనికిరావు. పిల్లలు వచ్చుటకు వారము ముందే నేలను గోడలను శుభ్రపరచి, సున్నము కొట్టి, ఎండనిండు. ఎలుక బొక్కలను, పందికొక్కు కన్నములను గాజుపెంకులు కలిపిన మట్టితో పూడ్చుడు. ఒక్క పందికొక్కు ఒక్క రాత్రిలో పది పిల్లలను ఈడ్చుకొని పోగలదు.

కంచె: వెదురు తడిక, రేకు, లేక దళసరి అట్ట తీసికొని అడుగున్నర ఎత్తున వలయముగా నిలుపుడు. వలయము అడ్డము ఆరడుగు లుండవలెను. అందులకు పందొమ్మిది అడుగుల పొడవు తడిక చాలును. నాలుగు మూలలు గల పెట్టె కంటె వలయము శ్రేష్ఠము. చలి పుట్టినపుడు గాని, బెదరినపుడు గాని పిల్లలు మూలకు చేరి ఒకదానిపై నొకటి ఎక్కును. అడుగునున్నవి ఊపిరాడక చచ్చును. వలయమునకు మూల లేదు గనుక ఆ ప్రమాదము తగ్గును. మీద సన్నకన్నుల ఇనుప వల పరచినచో పిల్లి, కాకి రావు.

పరుపు: నేలపై రెండు మూడు అంగుళముల మందమున వేరుసెనగ కాయల పొట్టును గాని, వరి ఊకను గాని పరచుడు. దానిపై మొదటి రెండు దినములు గోనెపట్ట పరచవలెను. లేనిచో పిల్లలు పొట్టునే మేతయనుకొని తినును. నున్నని కాగితము పరచినచో కాళ్ళు జారి వెడల్పుగా విడిపోయి పిల్ల అవిటిదగును. గరుకు గోనె మేలు.

గొడుగు: రెండున్నర మూడడుగుల అడ్డము గల వెదురు గంపను బోర్లించి, పైన పేడయు మట్టియు కలిపి మెత్తి, ఎండిన పిమ్మట వలయము నడుమ త్రాళ్ళతో వ్రేలాడగట్టుడు. ఇదియే తల్లి రెక్క. దీని అంచు పరుపునకు జానెడు ఎత్తున నుండిన, పిల్లలు స్వేచ్ఛగా లోపలికి పోయి వెలుపలికి రాగలవు. వేడి కావలసిన పిల్ల లోపలికి పోవును. చాలిన పిల్ల బయటికి వచ్చును. ఈ స్వేచ్ఛ లేని గూడు మంచి గూడు కాదు.

4. వేడి ఇచ్చు మార్గములు

విద్యుత్తున్న ఇంట పిల్ల ఒక్కంటికి రెండు వాట్ల లెక్కన ఏబది పిల్లలకు అరువది వాట్ల దీపములు రెండు చాలును. రెండు పెట్టుటకు కారణమున్నది: ఒకటి మాడినను రెండవది తెల్లవారువరకు కాపాడును. దీపము పరుపునకు అడుగు మొదలు అడుగున్నర ఎత్తున, గంప గోడకు తగులకుండ, గట్టి తీగతో కట్టబడి యుండవలెను. తెగి పరుపుపై పడినచో కొట్టమే అంటుకొనును. రాత్రికి పండ్రెండు గంటలు వెలిగించిన ఒకటిన్నర యూనిట్ల లోపున, మూడు వారములకు సుమారు ముప్పది యూనిట్లు ఖర్చగును.

ఇచ్చట ఒక హెచ్చరిక. ఇప్పుడు అంగళ్ళలో ఎక్కువగా దొరకునవి ఎల్‌ఇడి దీపములు. వెలుతురు బాగుగా నిచ్చును గాని పిల్లలకు చాలు వేడి నీయవు. వానిని కట్టినచో గూడు పట్టపగలు వలె వెలుగుచుండగనే పిల్లలు చలికి బిగిసి చచ్చును. లోపల తీగ ఎఱ్ఱగా కాలు పాత గుండుబల్బునే అడిగి కొనుడు. వెలిగించిన ఐదు నిమిషములకు దానిక్రింద చేయి పెట్టి చూచిన నిజము తెలియును.

విద్యుత్తు పోయిన రాత్రి కొరకు రెండవ మార్గము ముందే సిద్ధపరచవలెను. అన్నిటికంటె నిరపాయమైనది వేడినీళ్ళ కుండ. మూతి చిన్నదైన మట్టికుండను వేడినీటితో నింపి, మూత బిగించి, గోనె చుట్టి, గంపక్రింద పెట్టుడు. పిల్లలు దానిని తల్లి ప్రక్కవలె ఆనుకొని పండుకొనును. రెండు మూడు గంటల కొకసారి నీరు మార్చవలెను.

బొగ్గుల కుంపటి పెట్టువారు మిక్కిలి జాగ్రత్త వహింపవలెను. బొగ్గులను బయటనే రాజవేసి, పొగ పూర్తిగా పోయిన తరువాత పైన బూడిద కప్పి, చిల్లుల రేకు చుట్టూ నిలిపి లోనికి తేవలెను. బొగ్గు మండునపుడు పుట్టు కార్బన్ మోనాక్సైడు అను విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. మూసిన గదిలో అది పిల్లలనే గాక మనుష్యులనుకూడ నిద్రలోనే చంపును. కుంపటి యున్న గదిలో పైభాగమున గాలి పోవు సందు విడువవలెను. ఆ గదిలో ఎవరును పండుకొనరాదు.

5. పిల్లలే ఉష్ణమాపకము

ఉష్ణమాపకమున్నచో దానిని గొడుగు అంచున, పిల్ల వీపు ఎత్తున, అనగా పరుపునకు రెండంగుళముల పైన కట్టుడు. ఉండవలసిన వేడి యిది:

మొదటి వారము: 95 డిగ్రీల ఫారెన్‌హీటు, అనగా 35 సెంటీగ్రేడు.
రెండవ వారము: 90, అనగా 32.
మూడవ వారము: 85, అనగా 29.
నాలుగవ వారము: 80, అనగా 27.

వారమునకు ఐదు ఫారెన్‌హీటు డిగ్రీలు తగ్గించుట సూత్రము. దీపమును కొంచెము పైకెత్తిన వేడి తగ్గును, దించిన హెచ్చును.

ఉష్ణమాపకము లేనివారు దిగులు పడనక్కరలేదు. పిల్లలను చూడుడు. దీపము క్రింద గుంపుగా ఒదిగి, ఒకదానిపై నొకటి ఎక్కుచు, కీచుకీచుమని ఎడతెగక అరచినచో చలి. దీపమునకు దూరముగా కంచెను ఆనుకొని, రెక్కలు జారవిడిచి, నోరు తెరచి వగర్చినచో వేడి ఎక్కువ. అన్నియు ఒకే ప్రక్కకు చేరినచో ఎదుటి ప్రక్కనుండి చలిగాలి వచ్చుచున్నది; ఆ సందు మూయుడు. వలయమంతట చెదరి, కొన్ని తినుచు, కొన్ని కాళ్ళు చాచి నిద్రించుచు, మెల్లగా కిచకిచలాడుచున్నచో వేడి సరిగా నున్నది. ఉష్ణమాపకము చెప్పు మాటకును పిల్లలు చెప్పు మాటకును భేదము వచ్చినపుడు పిల్లల మాటనే నమ్ముడు.

మొదటి వారము రాత్రి పదింటికొకసారి, తెల్లవారుజామున మూడింటికొకసారి లేచి చూచుట తప్పదు. ఎక్కువ చావులు జరుగునది ఆ తెల్లవారుజామునే.

6. మన చలి, మన యెండ

మన పీఠభూమిపై పగటికిని రాత్రికిని భేదమెక్కువ. సంక్రాంతి దినములలో పగలు ఎండ చురుకుగా నున్నను, రాత్రి చలి కొరుకును. అప్పుడు మూడు వారములపాటు రాత్రివేడి ఒక్క గంటయు తప్పరాదు. రోహిణి కార్తెలో పగలు వేడి నలుబది డిగ్రీల సెంటీగ్రేడును అందుకొనును. ఆ వేళ దీపము వెలిగించుట పిల్లలను వేచుటయే. ఉదయము ఆర్పి, సాయంకాలము పిల్లలు ఒదుగ నారంభించినప్పుడు వెలిగింపుడు. గాలి వచ్చు వైపున తడిపిన గోనె వ్రేలాడదీసి, నీటిపాత్రలను రెట్టింపు చేయుడు. క్రొత్తగా నేర్చుకొనువారు ఈ రెండు తీవ్రకాలములను వదలి పని మొదలుపెట్టుట వివేకము.

పది పదునాలుగు దినములలో కంచెను కొంచెము కొంచెముగా వెడల్పు చేసి, పిమ్మట తీసివేయవచ్చును. నాలుగు వారములవరకు పిల్లకు అర చదరపు అడుగు చోటు చాలును. ఆరు వారములకు ఒక చదరపు అడుగు కావలెను.

7. పరుపు, బూజు

వేరుసెనగ పొట్టు మనకు ఊరికే దొరకు వస్తువు. అయితే పూర్తిగా ఎండినదై యుండవలెను. తడిసి బూజుపట్టిన పొట్టునుండి లేచు ధూళి పిల్లల ఊపిరితిత్తులలో చేరి రొప్పును, చావును తెచ్చును. నీటిపాత్రల చుట్టు తడిసిన పొట్టును ఏ పూట కా పూట తీసి పొడిది వేయుడు. రోజునకొకసారి పరుపును తిరుగవేయుడు. తడి పరుపులో రక్తపారుడు రోగపు బీజములు పెరుగును. రెట్టలో రక్తము కనబడి, పిల్లలు ముడుచుకొని కూర్చున్నచో వెంటనే పశువైద్యునికి తెలుపుడు.

చెక్క విషయమున మరింత జాగ్రత్త వలయును. 1960వ సంవత్సరమున ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు కారణము తెలియక చచ్చెను. బ్రెజిలు దేశమునుండి వచ్చిన వేరుసెనగ చెక్కలోని బూజు విషమే కారణమని పిమ్మట తేలినది. ఆ విషమునకు అఫ్లాటాక్సిను అని పేరు పెట్టిరి. ఆ బూజు మన కల్లములలోను, కాయ తడిసి నిలువయున్నప్పుడు పుట్టును. బూజు వాసన వచ్చు చెక్కను, నల్లబడి ముడతలు పడిన గింజలను పిల్లలకు ఎన్నడును పెట్టరాదు. కాచినను ఆ విషము పోదు.

8. నీరు, మేత

గ్రుడ్డులోని పచ్చసొన పిల్ల కడుపులో మిగిలియుండుటచే పుట్టిన రెండు మూడు దినములు అది మేత లేక బ్రదుకగలదు. అందుచేతనే దూరమునుండి తెచ్చుటకు వీలగుచున్నది. అయితే ప్రయాణములో ఎండిపోయి వచ్చును గనుక మొదట నీరు, పిమ్మట మేత. కాచి చల్లార్చిన నీటిలో లీటరునకు 50 గ్రాముల బెల్లము కలిపి, మొదటి కొన్ని గంటలు మాత్రమిండు. ఒక్కొక్క పిల్ల ముక్కును నీటిలో తాకించి విడువుడు. తల్లి చూపు దారిని మన చేయి చూపవలెను.

నీటిపాత్ర లోతైనచో పిల్లలు పడి మునుగును. డబ్బా అంచుకు దగ్గరగా రెండు చిల్లులు పొడిచి, నీరు నింపి, పళ్ళెములో బోర్లించుడు; చిల్లు మునుగువరకే నీరు వచ్చి నిలుచును. ఏబది పిల్లలకు ఇట్టివి రెండు వలయును. ప్రతి ఉదయము తోమి కడుగుడు.

అంగడిలో దొరకు పిల్లల దాణా మేలు. అది దొరకనిచో ఇంట కలుపుకొను పాళ్ళు ఇవి, నూటికి: మొక్కజొన్న లేక కొఱ్ఱల సన్ననూక 50, మంచి వేరుసెనగ చెక్క 25, ఉప్పులేని ఎండుచేపల పొడి 10, తవుడు 12, ఖనిజలవణ మిశ్రమము 3. ఉప్పుచేప అయినచో కడిగి ఎండబెట్టి వాడుడు. ఉప్పెక్కువైన పిల్లలు చచ్చును. రెండవ వారమునుండి సన్నగా తరిగిన మునగాకు, తోటకూర కొంచెము కలుపుడు. మొదటి రెండు దినములు మేతను గోనెపై చల్లి, మూడవ దినమునుండి తొట్లలో పోయుడు. తొట్టియొద్ద పిల్లకు ఒక అంగుళము చోటుండిన బలహీనపు పిల్లకుకూడ మేత అందును.

9. టీకాలు, సంఘము చేయదగిన పని

గూడు ఎంత చక్కగా నున్నను కొక్కెర తెగులునకు మందు టీకాయే. కుమాయూను కొండలలోని రాణీఖేతు పట్టణము పేర దీనిని రాణీఖేతు వ్యాధి అందురు. ఐదు మొదలు ఏడు దినముల లోపల లాసోటా చుక్క కంటిలో గాని ముక్కులో గాని వేయించి, నాలుగవ వారమున మరల వేయింపవలెను. రెండవ వారమున గంబోరో టీకా, ఆరవ వారమున మశూచి టీకా, ఎనిమిదవ వారమున కొక్కెర తెగులునకు రెక్కక్రింది టీకా పశువైద్యుని సలహాపై వేయింపుడు. మారెక్సు టీకా పుట్టిన చోటనే వేసిరా యని కొనునపుడే అడుగుడు.

ఇచ్చటనే సంఘము వలన లాభము. ఒక సీసా టీకా వంద పిల్లలకో అంతకుమించియో సరిపోవును. మంచులో నుంచి తెచ్చి, కలిపిన రెండు గంటలలో వాడవలెను, మిగిలినది పారవేయవలసినదే. ఇరువది పిల్లలున్న ఇల్లు దానిని ఒంటరిగా కొనదు. కొననందున టీకాయే వేయదు. పది ఇండ్లవారు ఒకే దినమున పిల్లలను తెచ్చి, ఒకే దినమున టీకా వేయించిన ఖర్చు పంచుకొనబడును.

అంతకంటె మేలైన మార్గ మొకటి కలదు. విద్యుత్తును, మంచి కొట్టమును, రాత్రి లేచి చూచు ఓపికయు గల ఒక సభ్యురాలి యింట రెండువందల ఏబది పిల్లలను పెంచి, నాలుగు ఆరు వారముల పిమ్మట పెంపక ఖర్చును ఆమె కూలిని కలిపి తక్కిన సభ్యులకు పంచుట. 2009-10లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన పెరటికోళ్ళ పథకమునందును ఒక్కరోజు పిల్లలను గాక, ఇట్టి తల్లి యూనిట్లలో నాలుగు వారములు పెరిగిన పిల్లలనే పేదలకు ఇచ్చు ఏర్పాటు చేసిరి. చావులు ఎక్కువగా జరుగు కాలమును నేర్పరి చేతులలో గడపుటయే దీని కిటుకు. పెరిగిన పిల్లకు వెల కొంచె మెక్కువ. అయితే చచ్చిన పిల్లకు పెట్టిన వెలకంటె అది చౌక.

గూడు నడుపువారు ఒక చిన్న పుస్తకములో తేది, పిల్లల సంఖ్య, చచ్చినవి, మేత, టీకా వ్రాసి యుంచవలెను. నూటికి నాలుగైదింటి కంటె ఎక్కువ చచ్చినచో ఎక్కడ లోపమున్నదో ఆ పుస్తకమే చూపును.

సంఘ సమావేశమున చర్చించుటకు ప్రశ్నలు

1. తల్లికోడి చేయు నాలుగు పనులేవి? మన గూటిలో ఏ యేర్పాటు ఏ పనికి బదులగుచున్నది?
2. పిల్లలన్నియు వలయమునకు ఒక ప్రక్కనే చేరియున్నచో మీరు మొదట ఏమి చూచెదరు?
3. మీ యింట కట్టదలచిన దీపము వేడి నిచ్చునా, వెలుతురు మాత్రమే నిచ్చునా? ఎట్లు పరీక్షించితిరి?
4. రాత్రి విద్యుత్తు పోయినచో వేడి కొరకు ఏది సిద్ధముగా నున్నది? ఎవరు లేచి చూచెదరు?
5. మీ యింటనున్న పొట్టు, చెక్క బూజులేక యున్నవా?
6. మన గ్రామమున పిల్లలను నాలుగు వారములు పెంచి పంచుటకు తగిన యిల్లు ఏది? ఆమె కూలి ఎంత యుండవలెను?

ఆరవ ప్రశ్నకు సమాధానము నిర్ణయింపకుండ క్రొత్త పిల్లల కొరకు పైకము కట్టవలదు.